దుప్పటికి రెండే కొసలు

మా మామ్మకి డెబ్బై ఒకటో ఏట కొత్తగా కడుపుమంట మొదలైంది. డాక్టరు ఇచ్చే మాత్రలకు తగ్గే మంట కాదది. అసలు ఆవిడకి అసూయ అంతకుముందు లేదని కాదు. ఉన్నదంతా ఇంటి గడప దాటకుండా తోడికోడలి మీదే పొదుపుగా వాడుకునేది. ఈసారి సముద్రాలు దాటి వచ్చిన మనిషి మీద దుబారా చేసింది.

రైలు కట్ట పక్కన రేకుల కప్పు కింద ఒక లాండ్రీ ఉంది. మామ్మ, ఆవిడ తోడికోడలు ముప్పై ఒక్క ఏళ్ళుగా పనిచేసేది అక్కడే. ఒకప్పుడు దానికి హోటళ్ళ దుప్పట్లు, బడి హాస్టలు దుప్పట్లు వచ్చేవి. బడిలో పిల్లలు తగ్గి తగ్గి చివరికి పిల్లలకంటే టీచర్లే ఎక్కువయ్యేసరికి దాన్ని మూసేసి వృద్ధాశ్రమం చేశారు. నల్లబల్ల పీకడానికి బద్ధకించి అలాగే వదిలేశారు. లెక్కలు చేసిన ఆ బల్ల మీద ఇప్పుడు ఎవరికి ఏ మాత్ర ఎన్నింటికి వెయ్యాలో రాసి ఉంటుంది. పెద్ద హోటలూ అదే దారి పట్టింది. అలా ఒకటీ ఒకటీ చేరి వృద్ధాశ్రమాలు ఐదయ్యాయి, రోజుకి నాలుగు వందల దుప్పట్లయ్యాయి.

పక్కలు పెరిగాయి, చేతులు తగ్గాయి. ఓనరు గేటుకి కట్టిన 'పనివాళ్ళు కావలెను' అట్ట రెండు వానాకాలాలు తడిసి, అక్షరాలు కారిపోయి, మూడోసారి కొత్తగా రాయాల్సి వచ్చింది. దాన్ని చూసి వచ్చింది ఒకే ఒక్క మనిషి. ఆయనకి ఎనభై. కూర్చుని చేసే పనైతే ఆలోచిస్తానన్నాడు. లాండ్రీలో అందరికంటే చిన్నది ఇస్త్రీ రోలరు దగ్గర ఉండే ఆవిడ. యాభై తొమ్మిదేళ్ళు. ఆవిణ్ణి అందరూ 'చంటిపిల్ల' అంటారు.

దుప్పటి మడతపెట్టడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడాలి. మామ్మది విదిలించే కొస. చేతులు తలకంటే పైకెత్తి ఒక్క విదిలింపు విదిలిస్తే దుప్పటి గాలి పోసుకుని, ఫట్‌మని పలికి, ముడతలు విడిచి దిగేది. తోడికోడలిది పట్టే కొస. నడుము ఎత్తున గట్టిగా పట్టుకుంటే చాలు. ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి అంచు మీదికి అంచు తెచ్చి, మళ్ళీ తెచ్చి, ఒకరికొకరు ఎదురొచ్చి కొసలు కలుపుతారు. ఇందులో ఒక తిరకాసుంది. ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఇద్దరూ కుడిచెయ్యే ముందు కదిపితే దుప్పటి మడతపడదు, తాడులా పేనుకుంటుంది. మామ్మది ఎడమచేతి వాటం, తోడికోడలిది కుడి. అందుకే వాళ్ళ జోడీ అద్దంలో చూసుకున్నట్టు కుదిరింది. ఇంట్లో ఏ విషయంలోనూ కుదరని ఇద్దరు ఆడవాళ్ళు ఆ ఒక్క దుప్పటి దగ్గర కుదిరారు.

ఇంట్లో మాత్రం ఉప్పూ నిప్పూ. అన్నదమ్ములిద్దరూ బతికుండగానే ఇంటికి మధ్యగోడ లేచింది. గోడ ఎక్కడ లేవాలన్నదాని మీద తోడికోడళ్ళిద్దరికీ పదకొండు నెలలు మాటల్లేవు. ఆ పదకొండు నెలలూ దుప్పట్లు మాత్రం రోజూ మడతపెట్టారు. కోపం వస్తే ఒకరు కొస లాగేవారు, అవతలి ఆవిడ తిరిగి లాగేది. ముసలి ఓనరు, అంటే ఇప్పటి ఓనరు తండ్రి, "మీ పోట్లాటకి నా దుప్పట్లు చిరుగుతాయమ్మా" అని మొత్తుకునేవాడట. మగవాళ్ళిద్దరూ పోయారు, గోడ ఉంది. ఇటు మామ్మ, అటు తోడికోడలు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళొచ్చినా లాండ్రీలో పేరు ఇంకా 'చిన్నకోడలు'.

నాలుగు వందల దుప్పట్లంటే నాలుగు వందల విదిలింపులు. మామ్మ ఎడమ భుజం ఒకరోజు పట్టేసి ఇక లేవనంది. డాక్టరు ఆరు వారాలు ఇంట్లో కూర్చోమన్నాడు, ఆ తర్వాత కూడా చెయ్యి భుజం దాటి ఎత్తొద్దన్నాడు. ఆ రెండో మాట మామ్మకి వినపడలేదు. ఆవిడ చెవులు అవసరమైనప్పుడు అలా సహకరిస్తాయి.

ఆరు వారాలూ చిన్నకోడలు దుప్పట్లు బల్ల మీద పరిచి ఒక్కతే తంటాలు పడింది. సాయంత్రాలు గోడవతల నుంచి, "అక్కా, ఎప్పుడొస్తావే, చచ్చిపోతున్నాను" అని వినపడుతుంటే ఇవతల మామ్మకి భుజం సగం నయమైనట్టుండేది.

ఏడో వారం సోమవారం పొద్దున తల నున్నగా దువ్వుకుని, ఉతికిన ఏప్రాన్ కట్టుకుని లాండ్రీకి వెళ్ళింది. వెళ్ళేసరికి తన కొస దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు.

నలభై దాటిన మనిషి. పొడుగ్గా, చేతులు ఇంకా పొడుగ్గా. ఆవిడ విదిలించిన దుప్పటి రేకుల కప్పుని తాకి వచ్చినంత పనైంది.

"బాబూ, నా కొస పట్టుకున్న ఈవిడెవరు?" అంది మామ్మ.

ఓనరు పరుగున వచ్చాడు. "వచ్చారా మామ్మా! కూర్చోండి, కూర్చోండి. ఏడాది నుంచి కాగితాలు తిరుగుతున్నాయి, పరాయి దేశం నుంచి ఇవాళ్టికి చేరింది. మీ భుజానికి ఇక విశ్రాంతే. ఇదిగో, మీకోసం మెత్తటి కుర్చీ వేయించాను. దిండు గలీబులు మడతపెట్టుకుంటూ మహారాణిలా కూర్చోండి."

"మహారాణులు గలీబులు మడతపెడతారా బాబూ?"

ఓనరు నవ్వేసి ఫోనొచ్చిందని వెళ్ళిపోయాడు. ఫోను మోగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.

చిన్నకోడలు మొహం మాత్రం చిచ్చుబుడ్డిలా వెలిగిపోతోంది. "అక్కా, చూశావా! నేర్పక్కర్లేకుండా వచ్చేసింది. వాళ్ళ దేశంలో పెద్ద హోటల్లో పదేళ్ళు ఇదే పనట."

"నీకెలా తెలుసు? వాళ్ళ భాషొచ్చా నీకు?"

"వేళ్ళు చూపించిందిగా. పది."

"పది రోజులేమో," అంది మామ్మ, కుర్చీలో కూర్చుంటూ.

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. లాండ్రీ అంతా ఆ కొత్తావిడ చుట్టే తిరిగింది. 'చంటిపిల్ల'కి నలభై దాటిన మనిషిని చూసి పట్టలేని సంతోషం. తన బిరుదు ఇంకొకరికి అంటగట్టే అవకాశం ఆవిడకి ఇన్నాళ్ళకి దొరికింది. కొత్తావిడకి మన మాటలు మూడొచ్చు: సరే, వద్దు, టీ. ఆ మూడిటితోనే రోజంతా లాక్కొచ్చింది. చిన్నకోడలు నాలుగో మాట నేర్పింది: అక్కా. దుప్పటి దుప్పటికీ "సరే అక్కా" వినపడుతుంటే గలీబుల మీద మామ్మ గోళ్ళు దిగేవి.

అన్నిటికంటే కాలింది నవ్వుకి. చిన్నకోడలు నవ్వుతోంది. దుప్పటి ఎగిరినప్పుడల్లా అవతలి ఆవిడ దాని కిందనుంచి తొంగి చూసి కళ్ళెగరేస్తుంది, ఈవిడ పకపకమంటుంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. మా మామ్మ తోడికోడలు మామ్మని చూసి కూడా నవ్వలేదు, ఇంకెవరినో చూసి నవ్వింది. దానికి సామెత కూడా లేదు.

అప్పుడు గమనించింది మామ్మ. కొత్తావిడది కుడిచేతి వాటం. ఇద్దరూ కుడి అయితే దుప్పటి పేనుకోవాలి, పేనుకోవడం లేదు. ఎందుకంటే చిన్నకోడలు తన చెయ్యి మార్చుకుంది. ఎడమచెయ్యి ముందు కదుపుతోంది.

టీ దగ్గర నిలదీసింది. "ముప్పై ఒక్క ఏళ్ళలో నాకోసం ఒక్కసారైనా చెయ్యి మార్చావటే?"

"నీకు మార్చక్కర్లేదు కదక్కా. నువ్వు ఎడమ, నేను కుడి. సరిపోయింది."

"అక్కర్లేకపోయినా, మార్చనా అని అడగొచ్చుగా!"

చిన్నకోడలు టీ ఊదుకుంది. టీతో మనిషికి రెండు బిస్కెట్లు. ఆవిడకి షుగరు. తన రెండో బిస్కెట్టు ఎన్నో ఏళ్ళుగా మామ్మ సాసర్లోకి వెళ్ళేది. ఆ సోమవారం కొత్తావిడ సాసర్లోకి వెళ్ళింది.

"మరి నాకు?"

"నీకు కుర్చీ ఇచ్చారుగా అక్కా."

ఆ కుర్చీలోంచే మామ్మ ఇంకో సంగతి చూసింది. అది ఆ లాండ్రీలో ఆవిడకి తప్ప ఎవరికీ కనపడనిది.

ఐదు వృద్ధాశ్రమాల దుప్పట్లూ తెలుపే. ఎవరివి ఎవరివో తెలియడానికి ఒక్కోదానికి ఒక మూల రంగుదారంతో చిన్న ముడి కుట్టి ఉంటుంది. ఎరుపు, నీలం, పచ్చ అలా. ఆ మూల ఎప్పుడూ విదిలించే కొసలో, ఎడమచేతిలోకి వస్తుంది. మామ్మ ఎడమచెయ్యి పైనుంచి తెచ్చేది కాబట్టి మడత అయ్యాక దారం పైకి కనపడేది. కొత్తావిడ కుడిచెయ్యి పైనుంచి తెస్తోంది. దారం లోపలికి పోతోంది. తన కొసలో ఎప్పుడూ దారం లేని చిన్నకోడలికి ఈ ఊసే తెలియదు. వ్యాను డ్రైవరుకి అరవై తొమ్మిది, చూపు అంతంతమాత్రం. పైన కనపడే రంగుని బట్టి దొంతర్లు వ్యానులో పెట్టుకుంటాడు.

మామ్మకి ఇదంతా సోమవారం పదకొండు గంటలకే తెలిసింది. నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. తెరిచింది, ఆవలించి మూసుకుంది.

మంగళవారం సాయంత్రం ఇంటికి నడిచేటప్పుడు కొత్తావిడ కూడా వాళ్ళ దారే పట్టింది. ఆవిడ గది రెండు వీధుల అవతలేనట. ఆ ఫుట్‌పాత్ ఇద్దరు నడవడానికే చాలుతుంది. చిన్నకోడలూ కొత్తావిడా ముందు, మా మామ్మ వెనక. వాళ్ళు వేళ్ళతో ఏవో లెక్కలు చెప్పుకుంటున్నారు. ఇద్దరు పిల్లలు, ఒక తల్లి అని అర్థమైంది మామ్మకి. అర్థం కానట్టు గోడల వంక చూస్తూ నడిచింది. గుమ్మం దగ్గర చిన్నకోడలు తిరిగి చూసి, "అక్కా, వెనకున్నావా!" అంది.

"ఎక్కడుంటాను మరి? ముందు చోటుందా?"

బుధవారం మధ్యాహ్నం వ్యాను వెనక్కొచ్చింది. వెళ్ళిన సరుకుతోనే వచ్చింది. డ్రైవరు దిగుతూనే చేతులు జోడించేశాడు. "నన్ననొద్దు. దారం కనపడని దుప్పట్లు కొత్తవేమో అనుకున్నాను. ఎక్కడ తక్కువైతే అక్కడ ఇచ్చుకుంటూ పోయాను."

ఐదు ఆశ్రమాల్లోనూ రభస. పాత బడిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారైతే, తన పక్క మీద అవతలి ఆశ్రమం దారం కనపడగానే లేచి నిలబడ్డారట. "ఎవరు పడుకున్న పక్కో ఇది! వాళ్ళు ఎప్పుడూ మనకంటే వెనకబడినవాళ్ళే" అని తెల్లవార్లూ కుర్చీలోనే కూర్చున్నారట. ఇంకొక ఆవిడ వచ్చిన దుప్పటి మెత్తగా ఉందని తిరిగి ఇవ్వనంటోందట. అన్నిటికంటే పెద్ద ఆశ్రమం వాళ్ళు, సాయంత్రానికి సరిచేయకపోతే వేరే లాండ్రీ చూసుకుంటామన్నారు.

ఓనరు మొహం ఉడకబెట్టిన దుప్పటిలా తెల్లబోయింది. మూడొందల చిల్లర దుప్పట్లు విప్పి, మళ్ళీ మడతపెట్టాలి. కోపమంతా కొత్తావిడ మీదికి మళ్ళింది. "పదేళ్ళు హోటల్లో ఏం చేశావమ్మా? రేపు ఏజెన్సీకి ఫోను చేస్తాను. ఇంకెవరినైనా పంపమంటాను."

ఆవిడకి మిగతా మాటలేవీ అర్థం కాలేదు. ఏజెన్సీ అన్న మాట అర్థమైంది. ఈ పని పోతే ఆవిడ కాగితాలూ పోతాయి, వచ్చిన దారినే వెళ్ళాలి. పొడుగు చేతులు రెండూ ఏప్రాన్ జేబుల్లో దాచుకుని నిలబడింది. చిన్నకోడలి వంక చూసి, "సరే అక్కా?" అంది. ఏది సరేనో ఎవరికీ తెలియదు.

ఓనరు మామ్మ వైపు తిరిగాడు. "మామ్మా, ఈ పూటకి మీరే దిక్కు. మీ కొస మీరు పట్టుకోండి."

మూడు రోజులుగా మా మామ్మ కలలు కన్నది ఈ మాట కోసమే. కుర్చీలోంచి లేచిన తీరు చూస్తే భుజం నొప్పి ఎవరికో అనుకోవాలి. వెళ్ళి తన కొస పట్టుకుంది. ఎదురుగా చిన్నకోడలు. మొదటి దుప్పటి ఎగిరింది. ఫట్‌మనలేదు గానీ ఎగిరింది. ఎడమచెయ్యి పైన, దారం పైకి. రెండోది. మూడోది. చిన్నకోడలు మామ్మ కళ్ళలోకే చూస్తోంది. నవ్వడం లేదు.

ఐదో దుప్పటి దగ్గర కొస గట్టిగా లాగింది. పాత పదకొండు నెలల లాగుడు.

"నీకు ముందే తెలుసు కదక్కా?"

మామ్మ తిరిగి లాగింది. "ఏం తెలుసు?"

"దారం సంగతి. ముప్పై ఒక్క ఏళ్ళు నీ చేతిలో ఉన్న దారం నీకు తెలియదా? సోమవారమే చూసి ఉంటావు."

"చూశాను. అయితే?"

"అయితే అంటావేంటి? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"చెప్పడానికి నువ్వు నా వైపు చూస్తేగా! మూడు రోజులుగా నీ కళ్ళు ఆ పొడుగుదాని మీదే. బిస్కెట్టు దానికి, నవ్వు దానికి, చెయ్యి మార్చుకోవడం దానికి. నాకేమో కుర్చీ!"

చిన్నకోడలు ఇంకో దుప్పటి అందుకుంది. దుప్పటి మీద దుప్పటి పడుతోంది. పదకొండోది ఎత్తబోతే మామ్మ ఎడమచెయ్యి గడ్డం దగ్గరే ఆగిపోయింది. ఎత్తింది, ఆగింది. దుప్పటి నేల మీదికి జారింది. ఇంకా మూడొందల దుప్పట్లున్నాయి. రోలరు దగ్గర చంటిపిల్ల మెషీను ఆపేసి చూస్తోంది.

మామ్మ అక్కడే నిలబడి లెక్కేసుకుంది. లెక్కల్లో ఆవిడ ఎప్పుడూ పక్కా. ఈ చెయ్యి ఇక లేవదు. కొత్తావిడ వెళ్ళిపోతే తన కొస పట్టుకోవడానికి ఎవరూ రారు. గేటు మీద అట్ట ఇంకో వానాకాలం తడుస్తుంది, అంతే. చిన్నకోడలు మళ్ళీ బల్ల మీద ఒక్కతే, తను మళ్ళీ కుర్చీలో. ఎవరూ లేని కొసని చూస్తూ అసూయపడటం కూడా కుదరదు. పైగా ఆ కొస ఎవరు పట్టినా తన మడతే మడవాలి. తను నేర్పకుండా ఎవరైనా ఆ కొస పట్టి మెప్పు పొందడం అన్నిటికంటే అన్యాయం.

"ఏయ్ పొడుగూ, ఇలా రా," అంది.

కొత్తావిడ వచ్చింది. మామ్మ తన కొస ఆవిడ చేతిలో పెట్టి, ఎడమచేతి వేళ్ళ దగ్గర నీలం దారం చూపించింది. కుడిచెయ్యి పైనుంచి తెచ్చి చూపి "వద్దు" అంది. ఎడమచెయ్యి పైనుంచి తెచ్చి "సరే" అంది. ఆ రెండు మాటలూ ఆవిడకి వచ్చినవే కాబట్టి ఇబ్బంది లేకపోయింది. కానీ వట్టి చేతులకి ఏం తెలుస్తుంది? ఎదురుగా నిలబడి చేయించాలి.

"నువ్వు జరగవే," అని చిన్నకోడలిని తప్పించి, ఆవిడ కొస మామ్మ పట్టుకుంది. పట్టే కొస. నడుము ఎత్తు. భుజానికి పనే లేదు.

ఇక్కడ మామ్మకి అసలు కష్టం ఎదురైంది. కొత్తావిడ ఎడమ కదిపితే ఎదురుగా ఉన్నవాళ్ళు కుడి కదపాలి. పేరు రాయడం నుంచి తలుపు తట్టడం దాకా అన్నీ ఎడమచేత్తోనే చేసిన మనిషి డెబ్బై ఒకటో ఏట కుడిచెయ్యి కదపాల్సి వచ్చింది. మొదటి దుప్పటి తాడులా పేనుకుంది. రెండోది ఇంకా బాగా పేనుకుంది. బావిలో వేస్తే నీళ్ళు తోడొచ్చు. మూడోసారి ఇద్దరూ ఒకేసారి చెయ్యి మార్చుకోబోయారు, మళ్ళీ తాడే వచ్చింది. కొత్తావిడ తాడు అవతల నుంచి తొంగి చూసి కళ్ళెగరేసింది.

మా మామ్మ నవ్వింది. ఆపుకోవాలని చూసింది, కుదరలేదు. పళ్ళ సెట్టు ఊడొస్తుందేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

నాలుగోది మడతపడింది. దారం పైన. అక్కణ్ణించి చేతులు దారిలో పడ్డాయి. ఫట్, ఫట్‌మని దుప్పట్లు పలుకుతుంటే డ్రైవరు వ్యాను తలుపు తీసి సిద్ధంగా నిలబడ్డాడు. చీకటి పడకముందే చివరి దొంతర ఎక్కింది. ఓనరు ఏజెన్సీ మాట మళ్ళీ ఎత్తలేదు. మామ్మ ఎత్తనిస్తేగా! "బాబూ, తప్పు దానిది కాదు. చెప్పేవాళ్ళు చెప్పలేదు, అంతే," అంది. చెప్పేవాళ్ళు ఎవరో మాత్రం చెప్పలేదు.

ఇంత జరుగుతున్నప్పుడు చిన్నకోడలు ఎక్కడుంది? మెత్తటి కుర్చీలో ఉంది. ఒళ్ళో గలీబులున్నాయి. ఒక్కటీ మడతపడలేదు. మామ్మ నవ్విన చోట ఆవిడ మూతి ముడుచుకుంది, అది ఇంటికి చేరేదాకా విప్పుకోలేదు.

గురువారం పొద్దున మామ్మ వెళ్ళేసరికి చిన్నకోడలు అప్పటికే తన కొస చేతికి చుట్టుకుని నిలబడి ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఎక్కడికీ వేళకి ముందు వెళ్ళింది లేదు.

"అది నా కొస ఇప్పుడు," అంది మామ్మ. "డాక్టరు చెప్పాడు, నడుము ఎత్తు పని చేసుకోవచ్చని."

"డాక్టరు చెప్పింది ఇన్నాళ్ళకి వినపడిందా నీకు? ఇది మొదట్నించీ నాది. నీ కొస నువ్వు దానికి ఇచ్చేశావు, మధ్యలో నాదెందుకు?"

"నేర్పింది నేను."

"అక్కా అని ముందు పిలిచింది నన్ను!"

కొత్తావిడ అవతలి కొస పట్టుకుని, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ "సరే?" అంది. ఇద్దరూ ఒకేసారి "వద్దు!" అన్నారు.

చివరికి చంటిపిల్ల వచ్చి పంచాయితీ తీర్చింది. టీకి ముందు ఒకరు, టీ తర్వాత ఒకరు. మర్నాడు తారుమారు. ఓనరు ఇంకో ఇద్దరు కొత్తవాళ్ళ కోసం కాగితాలు పెట్టానంటున్నాడు. వాళ్ళొచ్చేసరికి ఇంకో ఏడాది పడుతుందట. అందాకా విదిలించే కొస కొత్తావిడది, పట్టే కొస ఇద్దరిది. మెత్తటి కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్ళ చేతులు గలీబుల మీద, కళ్ళు గోడ గడియారం మీద.

"అక్కా, టీ అయి నాలుగు నిమిషాలైంది. జరుగు."

"ఈ దొంతర అయ్యాక."

"దొంతర అని నిన్నా అన్నావు. అది పెద్ద దొంతర. జరుగుతావా, ఓనరుని పిలవనా?"

"పిలువు. వచ్చేలోపు ఇంకో ఆరు మడతపెడతాం మేమిద్దరం. కదే పొడుగూ?"

"సరే అక్కా," అంది కొత్తావిడ. గాలి పోసుకున్న దుప్పటి ఇద్దరి మధ్యా ఫట్‌మంది. చిన్నకోడలు కుర్చీని చప్పుడయ్యేలా ఇంకో రెండడుగులు ముందుకు లాక్కుంది.